పుస్తకాలన్నీ బయటికి వెళ్లిన నెల

ఇలా దగ్గరికొచ్చి కూర్చో తల్లీ. ఆ స్టూలు మీద కాదు, దానికి ఒక కాలు పొట్టి, నువ్వు ఊగుతుంటే నా మాటా ఊగుతుంది. మంచం మీదికే రా, కాళ్లు పైకి పెట్టుకో. నా గొంతు ఇదివరకటిలా గోడ దాటి వెళ్లడం లేదు, అందుకని దగ్గరగా ఉండాలి. ఇవాళ మా వదిన సంగతి చెబుతాను. మీ తాతయ్యకు సొంత అక్క. నువ్వు పుట్టేసరికే ఆమె లేదు. ఉండి ఉంటే నీ చేత చేతులు కడిగించకుండా నీకు పుస్తకం ఇచ్చేది కాదు, అది మాత్రం ఖాయం.

నేను చదువుకున్నదాన్ని కాదు. రెండో తరగతిలో ఉండగా మా ఇంట్లో చంటివాణ్ణి ఎత్తుకోవడానికి ఒక నడుం కావలసి వచ్చింది, ఆ నడుం నాదైంది. పలకా బలపం అక్కడితో సరి. తర్వాతెప్పుడో అక్షరాలు కూడబలుక్కోవడం నేర్పింది వదినే. కాబట్టి ఇందులో పెద్ద మాటలేమైనా దొర్లితే అవి ఆమెవి, తప్పులుంటే నావి.

నేను ఈ ఇంటి కోడలిగా వచ్చేసరికే వదిన వెనక గదిలో ఉండేది. కాపురం చెడి పుట్టింటికి తిరిగొచ్చింది. ఎందుకు చెడిందో నేనడగలేదు, ఆమె చెప్పలేదు. మా అత్తగారు మాత్రం ఇంటికి ఎవరొచ్చినా "మా పెద్దది, కొన్నాళ్లుండి వెళ్తుంది" అని చెప్పేది. ఏళ్లు గడిచినా ఆవిడ నోట అవి కొన్నాళ్లే. ఇంట్లో వదినకు కంచం ఉంది, మంచం ఉంది, చెయ్యడానికి పనికైతే కరువే లేదు. చోటు మాత్రం లేదు. చోటంటే, ఇది నాది అని మనిషి కాళ్లు చాపుకునే జాగా. అది ఆమెకు లైబ్రరీలో దొరికింది.

లైబ్రరీ అంటే నువ్వు మేడలూ మెట్లూ ఊహించుకోకు. నీళ్ల ఆఫీసు వెనక ఒకే ఒక్క పొడుగాటి గది. రెండు కిటికీలు; ఒకటి తెరుచుకునేది, రెండోది తెరుచుకుంటానని ఆశపెట్టేది. గోడల పొడుగునా నేల నుంచి పైకప్పు దాకా చెక్క అరలు. మధ్యలో ఒక పెద్ద బల్ల, దాని చుట్టూ ఒకదానితో ఒకదానికి చుట్టరికం లేని కుర్చీలు. మొదట్లో జీతం తీసుకునే లైబ్రేరియన్ ఒకాయన ఉండేవాడు. ఏ కాలంలో చూసినా ఆయనకు జలుబే. వదిన మధ్యాహ్నం పూట వెళ్లి చదువుకునేది, చదివినవి ఎక్కడివక్కడ సర్దేది, ఆయన తుమ్ముతుంటే తనే వచ్చినవాళ్లకు పుస్తకాలు తీసిచ్చేది. ఆయన రిటైరైన రోజు తాళంచెవి వదిన చేతిలో పెట్టి, "కొత్తాయన వచ్చేదాకా కాస్త చూస్తుండమ్మా" అన్నాడు. అని, ముక్కు తుడుచుకుని వెళ్లిపోయాడు.

కొత్తాయన రాలేదు. మునిసిపల్ ఆఫీసులో అడిగితే వస్తాడన్నారు. మళ్లీ అడిగితే ఫైలు నడుస్తోందన్నారు. ఇంకోసారి అడిగితే, ఏ కొత్తాయన అన్నారు.

అలా ఆ తాళంచెవి వదిన దగ్గరే ఉండిపోయింది. జీతం లేదు, నియామకపు కాగితం లేదు. అయినా ఇంటి పనులు తెమిలాక ముఖం కడుక్కుని, తల నున్నగా దువ్వుకుని, చెప్పులు గుడ్డతో తుడుచుకుని, "నేను పనికి వెళ్తున్నా" అని చెప్పి బయల్దేరేది. లైబ్రరీకి అనేది కాదు. మా అత్తగారు లోపల్నుంచి గొణిగేది: "పనట, పని. మొదటి తారీఖున చెయ్యి తడవని పనికి ఇంత సింగారమా." వదిన వినిపించుకునేది కాదు. వీధి మలుపు తిరిగేసరికి ఆమె నడక మారిపోయేది. ఇంట్లో గోడ వారన నడిచే మనిషి అక్కడ రోడ్డు మధ్యన నడిచేది. నేను వెనక నుంచి చూశాను కాబట్టి చెబుతున్నాను.

తర్వాత ఒకరొకరుగా మేమూ చేరాం. నాది కుట్టుపని. చదవడం రాకపోతేనేం, సూదీ దారం పట్టడం వచ్చు. వెన్ను ఊడిన పుస్తకాలు, అట్టలు చిరిగినవి, పేజీలు వేలాడేవి అన్నీ నా ముందు పోసేవాళ్లు. మైదా జిగురు కాచుకుని, పాత క్యాలెండర్లు కత్తిరించుకుని, ఒక్కోదాన్ని లేపి కూర్చోబెట్టేదాన్ని.

"నీ పనీ మా డాక్టరు పనీ ఒకటేనమ్మా" అనేవాడు కంపౌండరు గారు. "లోపల ఏముందో తెలియకుండానే కుట్టేస్తారు."

"మా పేషెంట్లు బతుకుతారు అన్నయ్యగారూ" అనేదాన్ని నేను.

కంపౌండరు గారు ఆసుపత్రిలో మందులు కలిపీ కలిపీ రిటైరైన మనిషి. ఆయన చొక్కా ఎన్నిసార్లు ఉతికినా మందుల వాసన పోలేదు. ఆయన చేతికి ముద్ర అప్పజెప్పింది వదిన. ఇంకొకామె కండక్టరమ్మ. బస్సులో టిక్కెట్లు కొట్టి కొట్టి రిటైరైంది కానీ గొంతు ఇంకా డ్యూటీలోనే ఉంది. గడువు దాటినా పుస్తకం తేనివాళ్ల ఇంటి ముందు నిలబడి ఒక్క కేక వేసిందంటే, వాళ్లతో పాటు పక్కింటివాళ్లు కూడా తెచ్చిచ్చేవాళ్లు. అంతే, మేం నలుగురం. ఆ గదిని ఊడ్చింది, తుడిచింది, బల్బు మార్చింది, చెదపురుగులతో యుద్ధం చేసింది మేం నలుగురమే.

ముద్ర సంగతి నీకు చెప్పాలి. ఇప్పుడు అంతా ఫోన్లలో అయిపోతోంది కనుక నీకు తెలియదు. ప్రతి పుస్తకం వెనక అట్టకు లోపలివైపు ఒక చిన్న కాగితపు జేబు, అందులో ఒక కార్డు. ఎవరైనా పుస్తకం తీసుకెళ్తుంటే ఆ కార్డు మీద వాళ్ల పేరు రాసి, తేదీ ముద్ర వేసి, కార్డును మా డబ్బాలో పెట్టుకుంటాం. పుస్తకం మనిషితో వెళ్తుంది. తిరిగొచ్చాక కార్డు మళ్లీ జేబులోకి వెళ్తుంది. ఇంతే. కానీ వదినకు ఇందులో ఒక పట్టింపు ఉండేది. ముద్ర పడ్డ పుస్తకం గడప దాటాల్సిందే. ఎవరైనా ముద్ర వేయించుకుని, "రేపు పట్టుకెళ్తాలే మేడమ్, ఇవాళ సంచి తేలేదు" అని బల్ల మీద వదిలి వెళ్లబోతే వెనక్కి పిలిచేది.

"పుస్తకం బయటికి వెళ్లిందని కార్డు చెప్తోంది. చూస్తే ఇది ఇక్కడే కూర్చుంది. రెండిట్లో ఏదో ఒకటి అబద్ధమాడుతోంది. నా గదిలో అది కుదరదు" అనేది. వాళ్లు నవ్వుకుంటూ చంకలో పెట్టుకుని వెళ్లేవాళ్లు.

ఇదిలా సాగుతుండగా ఒకరోజు ఆఫీసు బంట్రోతు వచ్చి మా తలుపు మీద ఒక నోటీసు అంటించాడు. జిగురు సరిగా పట్టకపోతే నా దగ్గరే కాస్త అడిగి తీసుకున్నాడు. నేను ఇచ్చాను కూడా. ఏం రాసుందో నాకేం తెలుసు.

వదిన కళ్లజోడు సర్దుకుని చదివింది. చదివి, మళ్లీ మొదటికి వెళ్లి చదివింది. అప్పుడు మా వైపు తిరిగి మామూలు గొంతుతోనే చెప్పింది. మూడేళ్లుగా ఎవరూ తీసుకెళ్లని పుస్తకాలను ఏరి తూకానికి వేసేస్తారట. అలాంటివి సగానికి మించి ఉంటే గదినే వెనక్కి తీసుకుంటారట. ఈ నెలాఖరున తనిఖీకి ఒకరు వస్తారట.

"సగమా" అన్నాడు కంపౌండరు గారు. "మనవాటిలో ముప్పాతిక వంతు మంచాన పడ్డవే కదమ్మా."

నిజమే. మా దగ్గరికొచ్చేవాళ్లు తిప్పి తిప్పి చదివేవి ఒకే గోడవి. మిగతా గోడల మీద ఏముండేవో చెబితే నవ్వుతావు. తేనెటీగల పెంపకం. గుర్రాలకు వచ్చే జబ్బులు, బొమ్మలతో సహా. మాలో ఎవరికీ రాని ఒక భాషకు వ్యాకరణం. వంతెనల లెక్కలు. ఎవరో పెద్దమనిషి తన గురించి తానే రాసుకున్న లావుపాటి సంపుటాలు, వాటితో దొంగని కొడితే లేవడు. మధ్య భాగం పోయిన ఒక అపరాధ పరిశోధన నవల; అందులో హత్య మొదటి భాగంలో, ఉరి మూడో భాగంలో, ఎవరు చేశారన్నది పోయిన భాగంలో. ఇవన్నీ నేను కుట్టినవే. ఎవరూ తెరవరని తెలిసీ కుట్టాను.

కంపౌండరు గారు కాసేపు ముద్రను అరచేతిలో తిప్పుతూ కూర్చుని, "దీనికింత దిగులెందుకు చెల్లెమ్మా" అన్నాడు. "డబ్బా నీ దగ్గరుంది, ముద్ర నా దగ్గరుంది. నాలుగు మధ్యాహ్నాలు కూర్చుంటే అన్ని కార్డుల మీదా ముద్ర కొట్టేస్తాను. పేర్లు నాకు తెలిసిన పేషెంట్లవి రాస్తాను. నా రాత ఎలాగూ ఎవరూ చదవలేరు."

కండక్టరమ్మ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. మాకు అది చాలా మంచి ఉపాయంలాగే తోచింది.

వదిన నవ్వలేదు. "పుస్తకం అరలో కూర్చుని ఉండగా వెళ్లిందని ముద్ర వేస్తామా అన్నయ్యగారూ?"

"ఎవరు చూడొచ్చారమ్మా?"

"నేను చూస్తాను కదా. ఆ తర్వాత ఈ గది ఉండి మాత్రం నేనేం చేసుకోను? రోజూ వచ్చి ఆ అబద్ధం పక్కన కూర్చోవాలి."

కిటికీ అవతల నీళ్ల ఆఫీసు వాళ్ల పంపు దబదబా కొట్టుకుంటోంది. చివరికి వదినే అంది, "బయటికి వెళ్లాలి, అంతే కదా వాళ్లు అడిగేది. వెళ్లమందాం. నిజంగానే వెళ్లమందాం. అన్నిట్నీ."

అలా మొదలైంది ఆ నెల. నా బతుకులో అలాంటి నెల మళ్లీ రాలేదు.

ఇంటింటికీ వెళ్లాం తల్లీ. ముందు కండక్టరమ్మ, వెనక తోపుడుబండి మీద పుస్తకాలు, దాని వెనక వదిన డబ్బా పట్టుకుని, కంపౌండరు గారు ముద్ర పట్టుకుని, చివర నేను ఊడినవాటి కోసం సూదీ దారంతో. వదిన షరతులు రెండే పెట్టింది: తీసుకున్నవాళ్లు ఒక్క పేజీ అయినా తెరిచి చూడాలి, ఎప్పుడు తీసుకున్నా వచ్చే నెల సగానికల్లా తెచ్చివ్వాలి.

సెలూన్ ఆయన తల గోక్కున్నాడు. "నా దగ్గరికొచ్చేవాళ్లు అద్దం చూసుకుంటారు కదమ్మా, మళ్లీ పుస్తకమెందుకు?"

"అద్దం చూసుకున్నకొద్దీ దిగులే కదయ్యా" అంది కండక్టరమ్మ. "ఇది చూస్తే కాసేపు మర్చిపోతారు. పట్టు." తేనెటీగలు ఆయనకు వెళ్లాయి.

ఇస్త్రీ బండి ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుంది. "నాకు చదువు రాదక్కా, నన్నొదిలెయ్యి."

"నాకు మాత్రం వచ్చా? ఇన్నేళ్లుగా వీటితోనే కాపురం చేస్తున్నాను" అన్నాను. "ఇందులో గుర్రాలున్నాయి. బొమ్మలు చూడు." ఆవిడ ఒక పేజీ తిప్పి చూసి, "పాపం, దీని కాలు చూడక్కా ఎలా వాచిందో" అని నా చేతిలోంచి తీసుకుంది.

మెకానిక్కు వంతెనలు. మేడ మీద ఒంటరిగా ఉండే ముసలాయనకు ఆ పెద్దమనిషి సంపుటాలు. వారం తిరక్కుండానే ఆయన కర్ర పొడుచుకుంటూ గదికి వచ్చి వదినతో గొడవ. "ఇంత రాసుకున్నాడు కదమ్మా ఈయన, పెళ్లాం గురించి ఒక్క పేజీ రాయలేదు. ఇదేం మనిషి?" వదిన ముఖం చూడాలి అప్పుడు. ఆ పుస్తకం మీద ఒక మనిషికి కోపం వచ్చిందంటే ఆమెకు పండిన పంట చూసినట్టుంది. మెకానిక్కు రెండో వంతెన దగ్గర ఆగిపోయి, పెన్సిలుతో ఒక బొమ్మ గీసుకొచ్చి ఇది ఎలా నిలబడుతుందో చెప్పమన్నాడు. మాకెవరికీ తెలియదు. చివరికి తనే ఆలోచించుకుని, నిలబడే వదినకు వివరించాడు, వదిన తల ఊపుతూ విన్నది.

మిగిలినవి మా ఇళ్లకు తెచ్చుకున్నాం. మీ తాతయ్య మంచం కింద చూసి, "ఈ ఇంట్లో నా చెప్పులకు కూడా చోటు లేదు, వ్యాకరణానికి మాత్రం చోటు దొరికింది" అన్నాడు. అని, సాయంత్రం చూస్తే అందులోంచి ఒకటి తీసి తిరగేస్తున్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడా అని దగ్గరికెళ్లి చూశాను. లేదు, సరిగ్గానే పట్టుకున్నాడు.

ఒక్కో అర ఖాళీ అవుతూ వచ్చింది. అయినకొద్దీ నేను తడిగుడ్డ పెట్టి తుడిచాను. ఆ చెక్క రంగేమిటో నాకు అప్పుడే తెలిసింది. కంపౌండరు గారు ఒకసారి ఆగి చుట్టూ చూసి, "చెల్లెమ్మా, ఆ తనిఖీ మనిషి వచ్చేసరికి ఇక్కడ ఒక్క పుస్తకమైనా ఉంటుందా?" అన్నాడు.

"ఉండకూడదు" అంది వదిన. "అరలో ఉన్నదంటే ఎవరికీ అక్కర్లేనిదని కదా వాళ్ల లెక్క. మనకు అలాంటిది ఒక్కటీ లేదని చూపిద్దాం."

ఆ మాట మాకందరికీ ఎంత సబబుగా తోచిందో చెప్పలేను. లైబ్రరీలో పనిచేసేవాళ్ల కళ్లకు ఖాళీ అరను మించిన అందం లేదు తల్లీ. వెళ్లిన పుస్తకమే బతికున్న పుస్తకం మాకు. బయటివాళ్ల కళ్లు అలా చూడవని మాలో ఒక్కరికీ తట్టలేదు. అందరం లోపలి వైపే నిలబడి చూస్తున్నాం, బయటి వైపు నిలబడ్డవాళ్లు లేరు.

తనిఖీ రోజు పొద్దున వదిన ఖాళీ అరల పక్కన మెల్లగా నడుస్తూ చెక్క మీద అరచెయ్యి రాసుకుంటూ వెళ్లింది. "చూడవే" అంది నాతో, "ఒక్కరూ ఇంట్లో లేరు. అందరూ పనిమీద వెళ్లారు." ఆమె అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. అదే చివరిసారి కూడా.

తనిఖీకి వచ్చినామె చిన్నదే. మంచి మనిషే, అబద్ధం చెప్పకూడదు. గుమ్మం దగ్గర చెప్పుల మట్టి దులుపుకుని మరీ లోపలికొచ్చింది. వచ్చి, ఆ గోడ చూసింది, ఈ గోడ చూసింది, కంగారుగా వెనక్కి తిరిగి తలుపు మీది బోర్డు చూసుకుంది.

"లైబ్రరీ ఇదేనా అండీ?"

"ఇదేనమ్మా, కూర్చో" అంది వదిన. కార్డుల డబ్బాలన్నీ బల్ల మీద పొందికగా పేర్చింది. "ఇవన్నీ బయట ఉన్న పుస్తకాల కార్డులు. మూడేళ్లుగా వెళ్లనిది ఒక్కటి కూడా లేదు. నువ్వు ఏ కార్డు కావాలంటే ఆ కార్డు తీసి చూసుకోవచ్చు."

ఆమె ఒక కార్డు తీసింది. ఇంకొకటి తీసింది. కంపౌండరు గారి రాత చూసి కళ్లు చికిలించింది. "అన్నీ ఈ నెలలోనే వెళ్లాయా?"

"ఈ నెలలోనే."

"అమ్మా, నేను కార్డులు కాదు, పుస్తకాలు చూడాలి. అరల్లో ఎన్ని ఉన్నాయో ఎక్కించాలి, ఫోటో తీయాలి."

"అరల్లో ఎందుకుంటాయమ్మా? చదివేవాళ్ల దగ్గరున్నాయి."

ఆమె గొంతు తగ్గించింది. ఎదురుగా ఉన్నది పెద్దావిడ కదా, మాటతో నొప్పించకుండా ఎలా అనాలో వెతుక్కుంది. "కార్డులు ఎవరైనా కూర్చుని రాసుకోవచ్చు కదండీ. ముద్రలు కొట్టుకోవచ్చు. నేను దాన్ని ఎలా నమ్మను?"

నేను కంపౌండరు గారి వైపు చూశాను, ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. వదిన మాత్రం ఆమె వైపే చూస్తూ ఉండిపోయింది. ఏ పని చెయ్యనని మొండికేసిందో ఆ పనే చేసిందనుకుంటున్నారు. కాదని చెప్పడానికి ఆమె దగ్గర ఏముంది? కార్డే ఉంది. ఆ కార్డునే వాళ్లు నమ్మరు.

కండక్టరమ్మ అప్పటికే వీధిలోకి పరుగెత్తింది. మంచి పనివేళ. ఇళ్లన్నీ తాళాలు. మా ఇళ్లలోవి తెస్తే మేమే దాచుకున్నామంటారని వాటి జోలికి వెళ్లలేదు. మెకానిక్కు బండి తోలుకుని ఎక్కడికో వెళ్లాడు. మేడ మీది ముసలాయనకు చెవుడు, తలుపు కొట్టినా వినపడదు. అరిచి అరిచి, చివరికి రెండే రెండు పుస్తకాలతో రొప్పుతూ వచ్చింది. ఒకటి గుర్రాలది. దాని అట్ట మీద ఇస్త్రీపెట్టె మూల తగిలి కాలిన మచ్చ. రెండోది సెలూన్ ఆయన తేనెటీగలు, పేజీల మధ్య వెంట్రుకలు.

"వీటి కోసం గడువు కాకముందే వాళ్ల దగ్గర లాక్కొచ్చావా?" అంది వదిన.

తనిఖీ ఆమె ఆ రెండిట్నీ అరలో నిలబెట్టి ఫోటో తీసింది. ఆ ఫోటో నేను చూశాను, ఫోను తిప్పి చూపించింది. అంత పొడుగు గోడ, మూలన రెండు పుస్తకాలు, ఒకదాని మీదికి ఒకటి ఒరిగి. ఖాళీ గదికంటే అదే ఎక్కువ అన్యాయంగా కనిపించింది. "నేను చూసింది రాస్తానండీ, అంతకు మించి నా చేతుల్లో లేదు" అని చెప్పి వెళ్లింది. ఆ రెండు పుస్తకాల్నీ వదిన ఆ సాయంత్రమే ఎవరివి వాళ్లకు తిరిగి పంపించింది.

వారం తిరక్కుండా బంట్రోతు వచ్చి కొత్త తాళం వేశాడు. ఈసారి జిగురు అడగలేదు.

మేం నలుగురం ఆఫీసుకు వెళ్లాం. ఒక బల్ల దగ్గర్నుంచి ఇంకో బల్లకు, అక్కడి నుంచి వరండాలో బెంచీకి. సాయంత్రానికి ఒకాయన పిలిచాడు. వదిన మొదట్నుంచీ చెప్పింది, ఒక్క మాట పొల్లుపోకుండా. ఆయన విన్నాడు. విని, "మీరెవరండీ?" అన్నాడు.

"లైబ్రరీ చూసుకుంటున్నాను."

"అది సరే. మీరెవరు? మా రికార్డులో ఆ గదికి మనిషి లేరు. పోస్టు ఎప్పుడో ఎత్తేశాం."

కండక్టరమ్మ అందుకుంది, "ఆవిడ లేకపోతే ఆ గది ఈపాటికి చెదలు తినేసి ఉండేదండీ."

"మంచిదేనమ్మా. కానీ సర్కారు పుస్తకాలు ఇంటింటికీ పంచమని ఈవిడకు ఎవరు చెప్పారు? ఆ మాట ఎత్తితే అదొక కేసవుతుంది. పెద్దవాళ్లు కదా అని నేను ఎత్తడం లేదు. వెళ్లండి."

ఆయన తిట్టలేదు, గట్టిగా కూడా అనలేదు. గుమస్తాను పిలిచి మాకు మంచినీళ్లు ఇవ్వమన్నాడు. వదిన ఆ గ్లాసు పట్టుకుని తాగకుండా, బల్ల మీద పెట్టకుండా అలాగే నిలబడింది. నేనే తీసి పక్కన పెట్టాను. తిరిగొచ్చేటప్పుడు ఆమె రోడ్డు వారన నడిచింది, గోడ పట్టుకున్నట్టు.

పుస్తకాల గడువు తీరే రోజు రానే వచ్చింది. వదిన ఇంట్లోంచి కదలనంది. నేనే బలవంతాన తీసుకెళ్లాను, జనం వస్తారు, నువ్వు లేకపోతే ఎలా అని. వచ్చారు తల్లీ. అసలు తెస్తారో తేరో అనుకున్నవాళ్లు కూడా సంచుల్లో, బుట్టల్లో, సైకిళ్ల మీద పెట్టుకుని వచ్చారు. తాళం చూసి గుమ్మం ముందు ఆగిపోయారు. సెలూన్ ఆయన తేనెటీగల పుస్తకాన్ని దువ్వెనతో శుభ్రం చేసి మరీ తెచ్చాడు. "మేడమ్, దీనికి రెండో భాగం ఏమైనా ఉందా? రాణి చచ్చిపోతే ఏం చేస్తాయో అన్న దగ్గర ఆపేశాడు" అన్నాడు.

వదిన ఆయన వైపు చూసింది. ఆయన పుస్తకం చాచి పట్టుకున్నాడు. ఆమె చెయ్యి రాలేదు.

"మా ఇంట్లో పెడదాం చెల్లెమ్మా" అన్నాడు కంపౌండరు గారు. "నా ముందు గది ఖాళీయే. అక్కడే నడుపుదాం. ఎవడు కాదంటాడు?"

"ఎవరివని నడుపుతారు అన్నయ్యగారూ? అవి నావి కావు, మీవి కావు. తీసుకోవడానికి నేనెవర్ని?"

"ఇచ్చింది మీరే కదమ్మా" అన్నాడు మెకానిక్కు, అర్థం కాక.

"అదే తప్పట."

కండక్టరమ్మ బతిమాలింది, తిట్టింది, చివరికి ఏడ్చింది కూడా. వదిన వినలేదు. ఒకప్పుడు ముద్ర గురించి ఎలా మొండికేసిందో ఇప్పుడూ అంతే మొండికేసింది. ఒకటే మనిషి, ఒకటే మొండితనం. అప్పుడు దాంట్లో బలం ఉంది, ఇప్పుడు ఆ బలమే ఆమెను లోపల్నుంచి నొక్కేస్తోంది. జనం కాసేపు నిలబడి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తెచ్చినవి తెచ్చినట్టే ఇళ్లకు పట్టుకెళ్లారు. తర్వాత వాటికి ఏమైందో ఎవరు చెప్పగలరు. కొన్ని అటకలెక్కాయి. కొన్ని పొయ్యిలోకి వెళ్లి ఉంటాయి. కంపౌండరు గారు తన దగ్గరున్నవాటిని చాలాకాలం కాపాడాడు, ఆయన పోయాక ఇల్లు అమ్మేశారు.

ఆ గదిలో ఇప్పుడు నీళ్ల పైపులున్నాయి. మా అరల మీద మీటర్లు పెట్టుకున్నారు.

వదిన ఆ తర్వాత కూడా మధ్యాహ్నం కాగానే లేచి ముఖం కడుక్కునేది. తల దువ్వుకునేది. దువ్వుకుని, వెళ్లి తన మంచం మీద కూర్చునేది. ఏమైనా చదివి వినిపించు వదినా అని అడిగాను చాలాసార్లు. "కళ్లు సరిగా కనిపించడం లేదే" అనేది. కళ్లకేమీ కాలేదు, సూదిలో దారం నాకు ఆమే ఎక్కించేది. మీ తాతయ్య ఒకరోజు మంచం కింది పుస్తకం తీసి ఆమె పక్కన పెట్టాడు, ఏమీ అనకుండా. ఆమె దాన్ని తెరవలేదు. వెనక అట్ట తిప్పి, ఖాళీ జేబులో వేలు పెట్టి చూసి, మూసేసింది. కార్డులన్నీ ఆ గదిలోనే ఉండిపోయాయి కదా. అలా కొన్నాళ్లుంది. వెళ్లిపోయింది. పోయిన రోజు చావు లెక్క రాసుకోవడానికి వచ్చినవాళ్లు ఆమె ఏం చేసేదని అడిగారు. మీ తాతయ్య లైబ్రరీ అన్నాడు. జీతమెంత అన్నారు. జీతం లేదన్నాడు. ఇంటిపని అని రాసుకున్నారు.

నీకు ఇదంతా ఎందుకు చెప్పానంటే, వీధిలో ఇప్పటికీ ఒక హాస్యం నడుస్తోంది. పుస్తకాలే లేకుండా లైబ్రరీ నడిపిన ఆడవాళ్లు అని. పెళ్లి భోజనాల దగ్గర చెప్పుకుని నవ్వుతారు. కథ అలా అయితే చిన్నగా, చెప్పడానికి వీలుగా ఉంటుంది. నేను పోతే అదే మిగులుతుంది. కండక్టరమ్మకు ఇప్పుడు తన పేరే గుర్తు లేదు.

అందుకని నువ్వు గుర్తుపెట్టుకో. ఎవరైనా ఆ మాట అని నవ్వితే, ఆపి చెప్పు. ఒకావిడ ఉండేదని, అబద్ధపు ముద్ర వెయ్యనందని, ఆమె అడిగితే వీధి వీధంతా పుస్తకాలు మోసుకెళ్లిందని, మళ్లీ అంతా మోసుకొచ్చిందని. చెబితే ఆ తాళం ఊడిరాదు, నాకు తెలుసు. ఆమెకూ ఏమీ ఒరగదు. అయినా చెప్పు. వాళ్లు వినకపోతే నీ పిల్లలకు చెప్పు. ఎక్కడైనా మర్చిపోతే కల్పించకు, నాకు ఇది గుర్తు లేదు అని చెప్పి ముందుకు వెళ్లు. ఏదీ, ఇప్పుడు నాకొకసారి చెప్పి వినిపించు, మొదట్నుంచి.